పాప కంట్లో లేత నీలం

మల్కాపురం
14 ఆగస్టు 1986

ఇంకా కలలోనే ఉన్నట్టుంది. పాప చెయ్యి విరగడం ఇది మూడోసారి. కట్టు వేశాక సీతమ్మధార డాక్టరు గారు దాని కళ్ళు చూసి, తరువాత నా కళ్ళు చూశారు. ఇద్దరి కంటి తెలుపులోనూ మంచు పట్టిన సముద్రంలా లేత నీలం.

"ఇది దెబ్బల వల్ల కాదమ్మా. ఎముకకి పట్టునిచ్చే కొలాజెన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువులో లోపం. కళ్ళలో ఈ నీలం దాని గుర్తే. మీ నుంచే వచ్చి ఉంటుంది" అన్నారు.

నా కడుపులో ఉన్న బిడ్డకూ వస్తుందా అని అడగకుండానే లేచి వచ్చేశాను.

రెండేళ్ళుగా నేను అనుమానించింది మా ఆయన్ని. పోర్టులో పనిచేసి అలసి వచ్చి, ఆ కోపంలో పాపను కొడుతున్నాడేమోనని, ఆయన దగ్గర ఒంటరిగా వదలడమే మానేశాను.

తిరిగి వస్తూ బస్సులో, పక్కన కూర్చున్న ఆయనకి ఏడుస్తూ ఆ మాట చెప్పేశాను. ఆయన కిటికీలోంచి ఓడల దీపాలు చూస్తున్నాడు. దీపాలు నీళ్ళ మీద మెల్లగా ఎటో తేలిపోతున్నాయి.

"నాకు తెలీదేటి?" అన్నాడు. "నీకు బయమేస్తందనే దాన్నెత్తుకోడం మానేసినాను."

నా ఒళ్ళో నిద్రపోతున్న పాపను ఆయన ఒళ్ళోకి మార్చాను. ఎక్కడ పట్టుకోవాలో తెలియక, చేతులు గాలిలోనే ఆపి నా వైపు చూశాడు.

నాకూ తెలియదు.