కళ్ళకద్దుకున్న పన్ను

జర్మనీ,
ఆదివారం మధ్యాహ్నం

అయిజలో ఉన్న మా పద్మక్కకు,

చెల్లెలు అనిత దండం పెట్టి రాస్తున్నది. నువ్వూ, బావా, చిట్టీ బాగున్నారా? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను. ఫోన్లో నువ్వు "తిన్నవా?" అంటావు, నేను "తిన్న" అంటాను, అసలు మాట చెప్పకుండానే ఫోన్ పెట్టేస్తాను. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ వారం నుంచి ఎండ లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు. ఇవాళ పొద్దుటి నుంచి నది దాకా మూడుసార్లు నడిచి వచ్చాను. తిండికి లోటు లేదు. మామిడికాయ తొక్కు మాత్రం అడుగంటింది, ఎవరైనా వస్తుంటే పంపు.

పిన్ని ఏం చదువుతుందని చిట్టి అడిగిందట. ఇది చదివి వినిపించు. సిథియన్లని, రెండువేల ఏళ్ళకు ముందు నల్లసముద్రం పైనున్న గడ్డినేలల్లో బతికినవాళ్ళు. ఎప్పుడూ గుర్రాల మీద తిరుగుతూనే ఉండేవాళ్ళని చదువుకున్నాం. వాళ్ళ సమాధుల్లో దొరికిన పళ్ళను అడిగితే వేరే మాట చెబుతున్నాయి. కొందరు పుట్టిన నేల వదలనే లేదట, వరిగలు పండించుకు తిన్నారట. ఒకే మూలకంలో కాస్త తేలికవీ, కాస్త బరువువీ పరమాణువులుంటాయి. వాటినే ఐసోటోపులంటారు. వరిగ, జొన్న తిన్నవాళ్ళ ఎముకల్లో, పళ్ళలో వాటి పాళ్ళు ఒక తీరు, గోధుమ తిన్నవాళ్ళలో ఇంకో తీరు. చిన్నప్పుడు తాగిన నీళ్ళ గుర్తు పన్ను మీది పింగాణి పొరలో నిలిచిపోతుంది. పింగాణి, దవడపన్ను. ఇంత మంచి మాటలు మనకున్నాయని ఇక్కడికొచ్చాకే తెలిసింది, రోజుకొకటి పుస్తకంలో రాసుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. ఐదు వారాల కింద మొదటిసారి ల్యాబులో ఒక దవడపన్ను నా చేతికిచ్చారు. ఒక ఆడమనిషిది. ఆమె పక్కనే ఒక పసిపిల్లను పాతిపెట్టారు. ఆ పిల్ల ఆమె బిడ్డేనా అన్నది కూడా ఈ పన్నే చెప్పాలి. దానికి డీఎన్ఏ పరీక్ష చేస్తారు. మన చెమట తగిలినా, ఊపిరి తగిలినా అది చెడిపోవచ్చు. అందుకే చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ. అన్నీ తెలిసినదాన్నే అక్కా. అయినా పని మొదలుపెట్టే ముందు తొడుగులు తీసి, ఆ పన్నును రెండు కళ్ళకూ అద్దుకున్నాను. తొడుగులతో మొక్కితే చెప్పులతో గుళ్ళోకి పోయినట్టు అనిపించింది.

పక్కనే శశి ఉంది. రాయచూరు పిల్ల, నాకంటే ఏడాది పెద్దది.

"అయ్యో దేవరే! పన్నుకు దండమా? కొబ్బరికాయ గూడ గొట్టకపోతివి" అని నవ్వింది. అంతలోనే ముఖం మాడిపోయింది. "సుమ్నె ఉండు, సప్పుడు జెయ్యకు. ఎవ్వరు జూడలే. చెప్తివనుకో, ఈ రూముల మళ్ళ అడుగు పెట్టనియ్యరు."

రెండు రోజులు సప్పుడు చేయకుండానే ఉన్నాను. విత్తనాల కోసం వేసిన మీ సీడు పత్తి చేను గుర్తొచ్చింది. దసరా సెలవుల్లో, మొగ్గలు గిల్లి వేరే పత్తి పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి వచ్చి, నేను గిల్లకుండా వదిలేసిన మొగ్గ పొద్దున్నే తనంతట తాను పూస్తే ఆకు కింద దాచాను కదా. నువ్వు చూసి, "ఒక్క పువ్వే గదా అనుకున్నవా? దాని గింజ సంచిల కలిస్తే ఏది మంచిదో ఎవ్వనికి తెల్వది. తుంచి బావ చేతుల పెట్టు. తిడ్తె తిడ్తడు, పో" అన్నావు.

మూడోరోజు పోయి ల్యాబు నడిపే మేడంకు చెప్పేశాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఆమెవి పనికొచ్చే పళ్ళు ఇంకేం లేవు, తెలుసా?" అని మాత్రం అడిగింది. నా బుగ్గ లోపల దూది పుల్లతో రాసి తీసుకున్నారు. పన్నులో నా డీఎన్ఏ ఏదో గుర్తుపట్టి, దాన్ని తీసేయడానికట. చిట్టాలో ఆ పన్ను పక్కన నా పేరు, చేసిన తప్పు నా చేతే రాయించారు. ఫలితం వచ్చేదాకా నాకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. అద్దం ఇవతల సీసాలు కడుగుతున్నాను. శశి రోజూ, "చెప్తి గద, అనుభవించు" అంటుంది, సాయంత్రం తన జొన్నరొట్టెలో సగం నాకే పెడుతుంది.

తిండి పరీక్షకు నా చేయి తగిలినా ఫరవాలేదు. అది శశి చేసింది, మొన్న శుక్రవారం తేలింది. ఆ పన్నుగలామె వరిగ తిని పెరిగింది. చిన్నప్పుడు తాగింది మాత్రం పాతిపెట్టిన చోటి నీళ్ళు కాదు, ఎక్కడి నుంచో వచ్చింది. ఆ పిల్ల సంగతి తేలడానికి ఇంకో నెల పడుతుందట. తేలకపోనూ వచ్చు. అప్పటిదాకా నాకు కాలు నిలవదు.

అమ్మకు ఇది చదివి వినిపించకు, పరేషాన్ అవుతుంది. నాన్నకు, మీ అత్తమ్మకు నా దండాలు. ఎప్పుడూ నాకు దీవెనలు అడుగుతాను. ఈసారి నా వంతు కూడా ఆ పన్నుగలామెకే ఇవ్వు అక్కా. నా చేతి మరక కింద ఆమె గుర్తు ఇంకా మిగిలి ఉండాలని, పక్కనున్న పిల్ల ఎవరో చెప్పగలగాలని.

నీ చెల్లెలు,
అనిత