పోయినవాళ్ళ హాజరు

గవరపాలెం, అనకాపల్లి
4-8-2006

ప్రియమైన దీవెనమ్మక్కకి,

ఇందుమూలముగా దీవెన నిలయం వాసులకు, వారి చేతికర్రలకు, కళ్ళజోళ్ళకు తెలియజేయడమేమనగా, ఆదివారం నుంచి కనబడకుండా పోయిన బంగారయ్యగారి కట్టుడు పళ్ళు మజ్జిగ కుండలో దొరికినవి. ఆ మూడు రోజులూ మజ్జిగ తాగినవారు ఇప్పుడు డోకరాదు. ఇట్లు, తాత్కాలిక ప్రభువు పరదేశి.

దీన్ని పళ్ళెం వాయించి మరీ చదివాను. బంగారయ్య తప్ప అందరూ నవ్వారు. "నీ పళ్ళు రాలినప్పుడు సూత్తానొరే" అన్నాడు ఆయన.

నీ మేనకోడలు షెకీనా ఫోను చేసింది. గుండెలో కవాటం మార్చాలని డాక్టర్లు తేదీ ఇస్తే రెండుసార్లూ నువ్వే వాయిదా వేయించావట. ఇదేం పనక్కా? గానుగ దగ్గర బెల్లం వండుకునేవాణ్ణి తెచ్చి పందొమ్మిది మంది ముసలాళ్ళకి పెద్దని చేసి వెళ్ళావు. నువ్వు అక్కడ మంచం మీద అలా కూర్చుంటే నాకు ఇక్కడ ముద్ద దిగదు. గట్టిగా దెబ్బలాడదామంటే ఫోనులో నా మాట నమ్మవు. పోయినేడు ఫోనులో బిషప్పుగారి గొంతు అనుకరించి నీ చేత రెండువందల మందికి వంట మొదలెట్టించినప్పటి నుంచీ నాకు కాగితమే గతి.

ఇంకో సంగతి. నువ్వు వెళ్ళేముందు ఉత్తమ సేవాసంస్థ అవార్డుకి దరఖాస్తు పెట్టావు కదా, ఆ కమిటీవాళ్ళు పద్నాలుగో తారీఖు పొద్దున్న విశాఖపట్నం నుంచి వస్తారట. ఏం చూపించాలో, ఏం దాచాలో వెంటనే రాయి.

నీ వంటవాడు,
పరదేశి

వేలూరు
8-8-2006

ప్రియమైన తమ్ముడు పరదేశికి,

నీ ఉత్తరం చూసి వార్డులో పైకి నవ్వాను. నర్సు కోప్పడింది.

పదహారేళ్ళలో నేను నిలయాన్ని వదిలి ఇన్ని రోజులు ఎప్పుడూ లేను. కళ్ళు మూస్తే కాసులమ్మ మాత్ర మింగిందో లేదో అనిపిస్తుంది. ఈ ఆపరేషన్ బల్ల ఎక్కి దిగకపోతే మీ గతేమిటి? నేను లేకపోయినా నిలయం నిలబడుతుందని ఎవరైనా చెబితే ఎక్కుతాను. నువ్వు చెబితే కాదు. నువ్వు నా ప్రాణం కోసం ఏమైనా చెబుతావు. బయటివాళ్ళు చెప్పాలి. కమిటీవాళ్ళు అవార్డు ఇస్తే అదే నాకు దేవుడి మాట అనుకుంటాను. లేదంటే ఇరవయ్యో తారీఖు రైలుకి ఇంటికి వచ్చేస్తాను. ఆపరేషన్‌కి డాక్టర్లు ఇచ్చిన మూడో తేదీ ఇరవై రెండు. అది దాటితే ఇక కుదరదంటున్నారు. అయినా సరే.

ఒక జాగ్రత్త. పోయినవాళ్ళ పేర్లు ఏడాది తిరిగేదాకా మన హాజరుపట్టీలోంచి తీసెయ్యం కదా. రోజూ పొద్దున్న పేరు పిలుస్తాం, పక్కమంచం వాళ్ళు "ఉన్నాడు" అని పలుకుతారు. అది మన అలవాటు. బయటివాళ్ళకి దొంగలెక్కలా కనబడుతుంది. ఆ ఒక్క పూట మాత్రం ఈ ఏడాదిలో పోయిన సన్యాసిరావు పేరూ, మిగతా ఇద్దరి పేర్లూ వద్దు. బతికున్న పందొమ్మిదీ చదివి పట్టీ మూసెయ్యి.

ప్రార్థనలతో,
దీవెనమ్మ

గవరపాలెం, అనకాపల్లి
14-8-2006

ప్రియమైన అక్కకి,

తిట్టకుండా చివరిదాకా చదువు.

కమిటీవాళ్ళు ఏడున్నరకే దిగారు. సఫారీ సూటులో ఒక పెద్దమనిషి, కళ్ళజోడు పెట్టుకున్న ఒక మేడమ్. నువ్వు చెప్పినట్టే పందొమ్మిది పేర్లు చదివి పట్టీ మూశాను. కాసులమ్మ లేచి నిలబడింది.

"సన్యాసిరావు పేరేదిరా?"

"రేపు సదువుతానే, కూకో."

"రేపేటి? నిన్న సదివేవు, మొన్న సదివేవు. ఇయ్యాల కార్లో సుట్టాలొచ్చేరని ఆణ్ణి బయటికి గెంటేత్తావేటి?"

అని ఉప్మా పళ్ళెం తోసేసింది. ఆమెను చూసి బంగారయ్య, ఆయన్ని చూసి వరసంతా తోసేశారు. అన్నీ మాత్రలు మింగిన కడుపులు. ఏం చెయ్యను? పట్టీ తెరిచి చదివాను. "ఉన్నాడు" అంది కాసులమ్మ. మిగతా ఇద్దరికీ కూడా పలికారు.

పెద్దమనిషి మనుషుల్ని రెండుసార్లు లెక్కపెట్టాడు. "మనుషులు పందొమ్మిది, హాజరు ఇరవై రెండు. చనిపోయినవాళ్ళ పేరు మీద బియ్యం తీసుకుంటున్నారా?"

నేను నోరు తెరిచేలోపే కాసులమ్మే చెప్పింది. "సచ్చినోడు బువ్వ తింటాడేటి బాబూ? ఆడికి ఎవులూ లేరు. పొద్దున్నోపాలి పేరు పిలిత్తే సాలు."

మేడమ్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. పెద్దమనిషి లేచి, "ఈ అవార్డు మీకే" అన్నాడక్కా. కాగితం తర్వాత పంపుతారట.

బయటివాళ్ళు చెప్పేశారు. ఇక బల్ల ఎక్కు.

నీ తమ్ముడు,
పరదేశి

వేలూరు
9-9-2006

ప్రియమైన పరదేశికి,

పడుకునే రాస్తున్నాను, అక్షరాలు కూడబలుక్కో. ఆపరేషన్ అయింది. బతికాను.

కాసులమ్మ మాట షెకీనా చేత మూడుసార్లు చదివించుకున్నాను. మత్తు ఇచ్చేటప్పుడు నవ్వుతున్నానట. ఎందుకమ్మా అని డాక్టరు అడిగితే "అవార్డు" అన్నానట. వార్డంతా తెలిసిపోయింది. ఇంకో నెల ఇక్కడే ఉండమంటున్నారు, ఉంటాను. ఇప్పుడు బెంగ లేదు.

ఆ మేడమ్ పేరు, చిరునామా పంపు. స్వయంగా ఉత్తరం రాయాలి. అవార్డు కాగితం వచ్చిందా? నకలు తీయించి పంపు, డాక్టరుగారు చూస్తానన్నారు.

నీ అక్క,
దీవెనమ్మ

గవరపాలెం, అనకాపల్లి
21-9-2006

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం వచ్చి ఎనిమిది రోజులైంది. రోజూ రాద్దామని కూర్చుంటాను, అన్నం మాడుతోందని లేస్తాను. అన్నం మాడటం లేదు.

ముందు నిలయం సంగతి. నువ్వు వెళ్ళి డెబ్బై రెండు రోజులు. ఎవరి మాత్రా తప్పలేదు. బంగారయ్యకి షుగరు తగ్గింది, నోరు తగ్గలేదు. కాసులమ్మ పెరట్లో జారిపడింది. ఆసుపత్రికి మోసుకెళ్ళాం, ఎముక విరగలేదు. మర్నాటి నుంచే నన్ను తిట్టడం మొదలెట్టింది. కావాలంటే షెకీనా చేత ఫోను చేయించి ఆమెనే అడుగు. ఆమె గొంతు నాకు రాదు.

మేడమ్ పేరు నాకు తెలియదు. ఆమె కళ్ళు తుడుచుకున్న మాట నిజం. పళ్ళేలు తోసిన మాట నిజం. కాసులమ్మ అన్న ప్రతి ముక్కా నిజం. కానీ పెన్ను పెద్దమనిషి చేతిలో ఉంది. "తప్పుడు హాజరు" అని రాసుకుని, కాఫీ ముట్టకుండా కారెక్కాడు. వీధి చివరిదాకా వెనకాల పరిగెత్తాను. "బాబూ, తప్పు నాది, దీవెనమ్మగారిది కాదు" అన్నాను. అద్దం ఎత్తేశాడు.

ఆ మధ్యాహ్నమే షెకీనా ఫోను చేసింది. "అత్తకి ఆయాసం ఎక్కువైపోనాది బాబాయ్. కమిటీవోళ్ళు ఏటన్నారో బేగి రాయి. పెట్టె సర్దేత్తంది" అంది. నిజం ఒక కాగితం మీద రాశాను. పోస్టాఫీసు దాకా పట్టుకెళ్ళాను. అక్కడ చింపేసి, ఇంకో కాగితం కొన్నాను.

నువ్వు ఇప్పుడు గట్టిగా అరవొచ్చని మంగళవారం డాక్టరు చెప్పాడట. అందుకే ఇవాళ రాస్తున్నాను. ఊపిరి బాగా పీల్చుకుని మొదలెట్టు. అవార్డు రాలేదక్కా. "మీకే" అని ఎవరూ అనలేదు. ఆ ఒక్క ముక్కా నేనే కల్పించాను.

పరదేశి