వదులు స్టీరింగు, ఖాళీ సీటు

సోమవారం, ఉదయం
ఇవాళ్టి నుంచి ఒకటే పని! నా పాత స్పోర్ట్స్ కారు స్టీరింగు వదులు పోగొట్టాలి. మెకానిక్ గడప తొక్కేది లేదు. అంతా నా చేతుల మీదుగానే. గడువు ఆదివారం.

కారణం కూడా రాసుకోవాలి. కారులో ఉన్నవి రెండే సీట్లు. రెండోది నెల రోజులుగా ఖాళీ. కొండ దారి మలుపులో మా ఆవిడ "ఆపండి, భయమేస్తోంది" అని దిగిపోయి, బస్సెక్కి ఇంటికొచ్చేసింది. మళ్ళీ ఎక్కలేదు. స్టీరింగు బాగా తిప్పితే గానీ చక్రాలకు సంగతి తెలియడం లేదు, భయపడదూ మరి! ఆవిడ పక్కన లేకుండా ఆ కారు నడపడం నాకేం బాగాలేదు.

ఆదివారం కూడా ఎక్కకపోతే కారు మా బావమరిదికి ఇచ్చేస్తానని మాటిచ్చాను. అతగాడు అప్పుడే కొత్త రంగు ఎంచుకుంటున్నాడు.

సోమవారం, సాయంత్రం
కొన్నవి: పానాల సెట్టు, గ్రీజు డబ్బా, స్టీరింగుకు తోలు తొడుగు. తొడుగు వేశాక పట్టు అదిరింది! సగం పని అయిపోయినట్టే. కారు కింద మాత్రం ఇంకా చూడలేదు.

మంగళవారం
టైర్లలో గాలి సరిచేయించాను. గాలి కొట్టేవాడు మెకానిక్ కిందకి రాడు. కారు కాస్త చురుగ్గా తిరుగుతున్నట్టుంది. వదులు మాత్రం అలాగే ఉంది.

"నాన్నా, తొడుగు బాగుంది. అదీ వదులుగానే ఉంది" అంది మా అమ్మాయి. పెంచి పెద్ద చేసినందుకు తగిన శాస్తి.

బుధవారం
స్టీరింగు పెట్టె మీద బిగించే మర ఒకటి ఉందని తెలిసింది. ఇంత సులువా! బిగించాను. ఇంకాస్త బిగించాను. చేయి ఊరుకోక మరికాస్త.

వదులు పోయింది!! మా ఆవిడను కిటికీ దగ్గరికి పిలిచి, కారు వీధిలోకి తీశాను. ఎడమకు తిప్పాను, తిరిగింది. చేయి వదిలాను. స్టీరింగు వెనక్కి రాలేదు! బలవంతంగా లాగేలోపు పక్కింటి హెడ్మాస్టారి పూలకుండీల్లోకి వెళ్ళి ఆగాను.

"బండి నేర్చుకుంటున్నారా?" అని అడిగారాయన, ఎంతో మర్యాదగా.

మా ఆవిడ కిటికీ మూసేసింది. మరను మొదట ఉన్నచోటికి తిప్పేశాను.

గురువారం
నడుం నొప్పి. పైగా మబ్బు పట్టింది. మబ్బులో కారు కింద దూరడం మంచిది కాదు. ఎందుకు కాదో తర్వాత రాస్తాను.

శుక్రవారం
ఆఫీసులో ఊపిరాడని పని. (అబద్ధం. టీ తాగుతూ కార్ల వీడియోలు చూశాను.)

బావమరిది ఫోను. "బావా, ఆదివారం నేనే వచ్చి తీసుకెళ్తాలే. నీకెందుకు శ్రమ?"

"నీ మొహం, ఇంకా శనివారం ఉంది!" అని పెట్టేశాను. పెట్టేశాక చాలా దిగులేసింది.

శనివారం, ఉదయం
ముందు చక్రాలను ఇనుప వాలుబల్లల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకు రాళ్ళు పెట్టాను. ఇక పని: సీట్లో కూర్చుని స్టీరింగు అటూ ఇటూ ఊపడం, దిగి పరుగెత్తి కింద దూరి ఏది కదులుతోందో చూడడం. ఏదీ కదలడం లేదు! మళ్ళీ ఎక్కడం, ఊపడం, దిగడం, దూరడం. చొక్కా నిండా గ్రీజు.

కిటికీలోంచి నవ్వు వినిపించింది.

"ఏమండీ, మీరు ఊపడం మానేసి కిందకెళ్తే అదెందుకు కదులుతుందండీ?"

గ్రీజు చేతులు చొక్కాకే తుడుచుకుని అడిగాను. "నువ్వు కూర్చుని ఊపుతావా?"

"కారు కదలదు కదా?"

"ఇంజను ఆపేశాను. రాళ్ళు కూడా పెట్టాను."

ఎక్కింది! డ్రైవరు సీట్లోకే అయినా, ఎక్కింది. ఆవిడ ఊపుతుంటే నేను కింద పడుకుని చూశాను. కుడి చక్రం దగ్గర, స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ చివరి కీలు టకటకా ఆడుతోంది. దొరికింది దొంగ!

"ఇక చాలు" అని అరిచాను. ఆవిడ ఊపడం మానలేదు.

శనివారం, సాయంత్రం
కొత్త కీలు తెచ్చి బిగించాను. కారు ఒక పక్కకి లాగేస్తోంది. చక్రాల వరస సరిచేయాలంటే యంత్రం ఉండాలట. మెకానిక్ గడప తొక్కాను. తొక్కి, కుర్చీలో కూర్చుని, టీ కూడా తాగాను.

ఆదివారం
బావమరిది పొద్దున్నే దిగాడు. మా ఆవిడ తయారై బయటికొచ్చింది. నా ఆనందం ఇంతా అంతా కాదు! పక్క సీటు తలుపు తీసి పట్టుకున్నాను. ఆవిడ కారు చుట్టూ తిరిగి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది.

"మీరు అటెక్కండి."

ఆవిడకు నాకంటే ముందే లైసెన్సు వచ్చింది. ఈ కారు మాత్రం నేనెప్పుడూ ఆవిడ చేతికివ్వలేదు.

కొండ దారి. ఆ మలుపుకు ముందే వేగం తగ్గించింది. కారు గీత గీసినట్టు తిరిగింది.

"చూశావా, స్టీరింగు ఎలా చేశానో! ఇక భయం లేదుగా" అన్నాను.

"భయమేస్తోందన్నాను గానీ, స్టీరింగు వల్లని నేనెప్పుడన్నానండీ?" అంది, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "ఆ మాట మీరే అన్నారు. నేను మీ తోలకం చూసి దిగాను."

ఎందుకు భయమేసిందని ఈ నెల రోజుల్లో ఒక్కసారైనా అడగలేదు నేను. సిగ్గేసింది.

ఆదివారం, సాయంత్రం
బావమరిది బస్సులో వెళ్ళిపోయాడు. కారు మాదే. తాళాలు ఆవిడ దగ్గర.

కొత్త నిర్ణయం! ఈ డ్రైవర్ని బాగుచేయాలి. మలుపు వచ్చేముందే వేగం తగ్గాలి. పక్కనున్న మనిషి మాట వినాలి. గడువు వచ్చే ఆదివారం. మొదటి పాఠం రేపు పొద్దున్నే అంది మా ఆవిడ.

రేపా? మొదటిరోజే గట్టిగా పట్టుకుంటే అలసిపోతాం. మంగళవారం నుంచి.