పులి అడుగు కింద పేరు

అంకన్నా, బాగున్నావా? నువ్వు పోయి పదకొండు నెలలైంది. కబురు నాకిక్కడ ఫోన్‌లో తెలిసింది. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. నాది నాలుగో తరగతి చదువు. తప్పులుంటే ఉంటాయి.

ఇక్కడా జింకలున్నాయి. పొద్దున్నే అపార్ట్‌మెంట్ల వెనక గడ్డి మేస్తాయి, కార్లకు బెదరవు. నువ్వు చూస్తే "ఇవి జింకలు కావు సారూ, మేకలు" అనేవాడివి...

పోయిన శనివారం అమ్మాయి లైబ్రరీకి తీసుకుపోయింది. సెలవులకు పిల్లల్ని ఆఫ్రికా తీసుకెళ్ళి సింహాలు చూపించాలని అమ్మాయి వాళ్ళ ఆలోచన. కెన్యా నుంచి వచ్చినామె తెర మీద ఫోటోలు వేసి చెప్పింది. పశువులు కాచుకునే ఊరు వాళ్ళదట. టూరిస్టుల బస ఊరివాళ్ళే నడుపుతారు. జీపు ఏ దారిన పోకూడదో వాళ్ళే చెప్తారు. సింహం జాడ తీసేదీ ఆ కాపరులే. అమ్మాయి పక్కన కూర్చుని తెలుగులో చెప్తుంటే విన్నాను.

ఒక సింహం అడుగు ఫోటో పడింది. దాని కింద జాడ పట్టిన కాపరి పేరు. పూర్తి పేరు. ఆ పేరు అమ్మాయితో రెండుసార్లు చదివించుకున్నాను అంకన్నా.

నేను అడవి వాచరుగా ఉన్న ఇరవై రెండేళ్ళూ పులుల లెక్కకు మనిద్దరమే తిరిగాం. వాగు ఇసుకలో అడుగు కనిపెట్టేది నువ్వు. దాని మీద గాజు అద్దం పెట్టి అడుగు అంచు గీసి కాగితానికెక్కించేది నేను. కింద ఎవరి పేరు? నాదే. ఒక్కసారన్నా నీది రాశానా? "నీ అద్దం నువ్వే మోసుకో, నాకు కళ్ళున్నాయి" అని నవ్వేవాడివి.

అది చిన్న తప్పు. పెద్దది వేరే ఉంది...

టూరిస్టు జీపులొస్తాయి, మీ చెంచు గూడెం ఖాళీ చేయాలని ఫారెస్టువాళ్ళు అన్నప్పుడు, వాళ్ళిచ్చిన కాగితం చదవమని నా దగ్గరికే తెచ్చావు. సగం నాకు అర్థం కాలేదు. ఆ మాట చెప్పడానికి నామోషీ అయింది. జీపులో దారి చూపే పని నీకిస్తారని రాసుందన్నాను. అది రేంజరు నోటిమాటగా విన్నదే, కాగితంలో చూసింది కాదు. "నువ్వు చదివావుగా సారూ, చాలు" అని వేలిముద్ర వేశావు.

పని రాలేదు. రోడ్డు పక్క కాలనీలో, రేకుల కింద పోయావు. నన్నొక్క మాట అడగలేదేం? తెలిసే ఊరుకున్నావా?

లైబ్రరీలో నేను లేచి, కాగితాలు వాళ్ళ ఊరివాళ్ళకు ఎవరు చదివి చెప్తారని ఆ కెన్యా ఆమెను అడిగాను. అందరినీ కూర్చోబెట్టి వాళ్ళ భాషలో చదువుతారట. ఒక్కరికి అర్థం కాకపోయినా మళ్ళీ మొదటినుంచి చదువుతారట. మంచి ప్రశ్న అడిగావు నాన్నా అని అమ్మాయి మెచ్చుకుంది. ఎందుకడిగానో దానికేం తెలుసు?

వచ్చే నెల తిరిగి వస్తున్నాను. ఇంట్లో నా పెట్టెలో, నువ్వు జాడ తీసిన ఆ వేలు తెగిన ఆడపులి అడుగు కాగితం ఉంది. నా పేరుకు పైన నీ పేరు రాసి మీ ఆవిడ లచ్చమ్మకు ఇస్తాను. ఇచ్చేముందు, ఆ రోజు నేను చదవలేకపోయానని చెప్తాను. తిడితే నిలబడి వింటాను.

ఇట్లు,
సారును కాను, ఉత్త ఎల్లయ్యను.