పది లక్షల ఒకటి

మంగళవారం, పిల్లలు పండుకున్నంక

కోపం ఇంకా దిగుతలేదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌ల లెక్కల సారు ఇయ్యాల బోర్డు మీద 1000001 రాసి, "పదమూడు దాకా దేంతోనూ పోవట్లేదు. కాబట్టి ఇది ప్రధాన సంఖ్య, రాసుకోండి" అన్నడు. నేను లేచి, "కాదు సార్, నూట ఒకటితోని పోతది" అన్న.

"ఏంటమ్మా, పాఠం నువ్వు చెప్తావా? ఇద్దరు పిల్లల తల్లివి, ఇంట్లో పాల లెక్క చూసుకో" అన్నడు. క్లాసంత నవ్విండ్రు.

పోయి చాక్‌పీస్ తీసుకున్న. నూరు ఘనం పది లక్షలు. దానికి ఒకటి ఘనం కలిపితే, రెండు ఘనాల మొత్తం సూత్రం ప్రకారం నూరుకు ఒకటి కలిపిన నూట ఒకటితోని పోవాల్సిందే. 101 × 9901 అని రాసి, గుణించి చూపెట్టిన. నవ్వులు ఆగినయి. సారు డస్టర్‌తోని మొత్తం తుడిచేసి, "టైమ్ వేస్ట్, తర్వాతి లెక్క" అన్నడు.

క్లాసయినంక మెట్ల కాడ మెల్లగ అంటడు: "నువ్వు చెప్పింది కరెక్టేనమ్మా. కానీ అందరి ముందూ అనకూడదు కదా."

ఒళ్లు మండింది. "నన్ను అన్నది అందరి ముందటనే కద సార్. తప్పు గూడ గాడనే దిద్దుండ్రి" అన్న. గబగబ మెట్లు దిగి పోయిండు.

ఎల్బీనగర్ దాకా మెట్రోల ఉడుక్కుంటనే ఒచ్చిన. మా ఆయనకు చెప్తే, "పోనీ తియ్యి, సారుతోని లొల్లెందుకు?" అన్నడు. సారు మీదికంటె ఈయన మీదనే ఎక్కువ మండింది. క్లాసుల గంతమంది గా తప్పే రాసుకున్నరు. పరీక్షల అదే పెట్టి మార్కు పోగొట్టుకుంటరు. రేపు సారు దిద్దకపోతే నేనే మళ్ల లేస్త. నవ్వితే నవ్వనీ...