గాలి నంబరు

గోదావరిఖని

అక్కా,

మా సహస్రకు మళ్లీ ఆయాసం వచ్చింది. ఫోన్లో చెబుదామంటే ఏడుపొస్తుందని రాస్తున్నాను.

గాలి ఎంత చెడిందో ఫోన్లో చూపే నంబరు రెండు వందలు దాటిన రోజు పిల్లను బయటకు పంపొద్దని డాక్టరమ్మ పోయినసారే చెప్పింది. అప్పటినుంచి రోజూ ఫోన్లో చూశాకే పంపుతున్నాను. నిన్న వందలోపే, ఆకుపచ్చగా ఉంది. "అమ్మా, ఇయ్యాల ఆడుకోవచ్చా?" అంటే "పో బిడ్డా" అన్నాను. మా రోడ్డు మీద బొగ్గు లారీలు వరసగా పోయాయి. కాసేపటికే పిల్లను ఎత్తుకుని దవాఖానకు ఉరికాను.

"ఆ నంబరు గాలిని కొలిచే మిషన్ ఉన్న కాడిది. మీ వాడల గాలి దానికెట్ల తెలుస్తది?" అంది డాక్టరమ్మ.

కంపెనీ క్వార్టర్ మార్చమని మీ మరిది అర్జీ పెట్టాడు. ఎప్పుడిస్తారో తెలియదు. చలికాలం పోయేదాకా సహస్రను మంథనిలో నీ దగ్గర ఉంచుకుంటావా? అడగడానికి నాకు నోరు రావడం లేదు. అది మాత్రం బట్టలు సర్దుకుంది.

"పెద్దమ్మ ఊర్ల గాలి మంచిదేనా?" అని అడిగింది. ఫోన్లో మంథని అని కొడితే, అక్కడ మిషన్ లేదేమో, ఇక్కడి నంబరే చూపించింది. అయినా మంచిదేనని చెప్పాను. నువ్వు కూడా అలాగే చెప్పక్కా.

నీ చెల్లెలు