రేకు బాకా ఎవరికి?

అన్నమ్మ నా తెల్ల చొక్కాని మళ్ళీ నీలిమందులో ముంచేసింది. పరలోకంలో తెల్లబట్టలని గ్రంథంలో రాసుంది గానీ నీలం అని ఎక్కడా లేదు. ఈ చొక్కాతో నన్ను పెట్టెలో పెడితే లేచి కూర్చుంటాను.

అదలా ఉంచి, రాయపూర్ టాటీబంధ్ ఫాటక్, అంటే రైలు గేటు, పక్క ఇంట్లో కాపురముంటున్న, రైల్వే గేటుమానుగా రిటైరైన బోనెల దానయ్య అనే నేను, ఆయాసం తప్ప వేరే లోపం లేకుండా, బుర్ర తిన్నగా పనిచేస్తుండగా, ఎవరూ మెడ మీద కూర్చోకుండా నా ఇష్టంతో రాసుకున్న వీలునామా ఇది. దీన్ని అమలు జరపాల్సింది నా భార్య అన్నమ్మ. బతికినంతకాలం నన్ను అమలు జరిపింది, ఈ కాగితం ఒక లెక్కా.

1. ఇల్లు, పెరట్లో మునగచెట్టు, రెండు మేకలు సర్వహక్కులతో అన్నమ్మకి చెందును. నల్లమేక పొడుస్తుంది. దానికి నా పోలికని అన్నమ్మ అంటుంది. ఆ మాట వెనక్కి తీసుకోవాలని షరతు.

2. గొడుగు, గడియారం నా కొడుకు దేవదానానికి. వాడు గూడ్సాఫీసు గుమస్తా. ఫాటక్ మూసినప్పుడల్లా ఆగిన బళ్ళవాళ్ళకి నేను రేకు బాకాలో సువార్త చెపుతుంటే, వాడు సైకిలు దిగి, నన్నెరగనట్టు ఎద్దుల చాటున నిలబడేవాడు. "ఆఫీసులో నవ్వుతన్నారు నానా, ఆ బాకా ఒగ్గెయ్" అనేవాడు. నవ్వనీ, నవ్వేవాడు వింటున్నట్టేగా. అయినా చిన్నప్పుడు జ్వరమొస్తే నా పచ్చజెండా కప్పుకునే పడుకునేవాడు. ఆ జెండా కూడా వాడికే.

3. పెద్ద బైబిలు సంఘానికి. సంఘపెద్దలు సూర్యారావు గారు, జకరయ్య గారు తీర్పుదినం గురించి గుళ్ళో గట్టిగా బెదిరిస్తారు. ఎవర్ని? ఎప్పుడో మారుమనసు పొంది, తలంటుకుని వచ్చి కూర్చున్న ముసలమ్మల్ని! రోడ్డు మీద ఒక్క మనిషికి చెప్పమంటే ఒకరికి మోకాలు నొప్పి, ఇంకొకరికి హిందీ రాదు. నాకు మాత్రం వచ్చా? "ఏ ఫాటక్ ఖులేగా, వో ఫాటక్ నహీ ఖులేగా" అని అరిచేవాణ్ణి. బళ్ళవాళ్ళకి తెలిసిపోయేది. రైలు పోతే నా గేటు లేస్తుంది. దేవుడు ఒకసారి దించిన గేటు ఎవరు బతిమాలినా లేవదు.

4. చుట్టల డబ్బా, పేకముక్కలు ఫాటక్ ఎదుట టీ కాసే పరదేశికి. మా ఊరివాడే. రోజూ నా ప్రసంగం చివరిదాకా వింటాడు. నేను వచనం మరిచిపోతే అందిస్తాడు కూడా. నమ్మరా అంటే మాత్రం "రేపు సూద్దుం లే బావా" అంటాడు. వాడు లేకుండా పరలోకంలో నేనెవర్ని ఏడిపించేది? తీర్పు రోజున వాడు నా పక్కన నిలబడాలి. నేను పోయాక వాడికి చెప్పేదెవరన్నదే నా దిగులు.

5. కనుక నా రేకు బాకా సూర్యారావు, జకరయ్య గార్లకు ఉమ్మడిగా చెందును. వారు ప్రతి సంతరోజూ ఫాటక్ దగ్గర సువార్త చెప్పవలెను. పరదేశి 'రేపు' అనడం మానేదాకా ఆపరాదు. ఇందుకు సమ్మతించి కింద సంతకాలు చేశారు.

అయ్యా సంఘపెద్దలూ, సంతకం పెట్టేటప్పుడు ఐదో నంబరు దగ్గర జాగా ఎందుకు ఖాళీగా ఉందని మీరిద్దరూ అడగలేదు. ముసలాడికి రాత తప్పుతోందని జాలిపడి, టీ తాగి వెళ్ళిపోయారు. మీరు మలుపు తిరిగాకే నింపాను. పక్కనుంచి చూసి పరదేశి పడీపడీ నవ్వాడు. "ఆళ్ళకి మాటలేటి వస్తాయి బావా, నానే నేర్పుతాన్లే" అన్నాడు.

రాయపూర్, 9 నవంబరు 1954
బోనెల దానయ్య (సొంత చేతిరాత)

సాక్షులు:
పిల్లి సూర్యారావు
గంటా జకరయ్య